ఎర్తింగు గుంత

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని చేవెళ్లలో అందరూ అంటారు. ఉంటుంది మరి. ఇరవై రెండేళ్లుగా జిరాక్స్ మిషన్లు బిగించే పనిలో ఉన్నవాడికి ఓపిక మిగిలితేనే వింత. ఏరి కోరి మంచి మిషన్ కొంటారు. తీసుకుపోయి కిటికీ పక్కన ఎండలో పెడతారు. దాని మీద టీ ఫ్లాస్కు పెడతారు. ఫ్యాను స్విచ్చుబోర్డులోంచి వైరు లాగుతారు. నెల తిరగకముందే “భూపాలన్నా, మీ మిషన్ ఖరాబైంది” అని ఫోను. ఖరాబైంది మిషన్ కాదు, మీ బుద్ధి అనాలనిపిస్తుంది. చాలాసార్లు అనేశాను కూడా.

అందుకే మిషన్ దింపే ముందు ఒక ఫారం నింపుతాను. మిషన్ ఏ మూలన ఉండాలి, గోడకు ఎంత ఎడం ఉండాలి, దానికి విడిగా పదిహేను ఆంపియర్ల ప్లగ్గు ఉందా, మీటరు కమర్షియలేనా, మున్సిపాలిటీ లైసెన్సు తీసుకున్నారా, ఇవన్నీ అందులో ఉంటాయి. కలర్ మిషన్ అయితే ఇంకో కాగితం. నోట్లకు, స్టాంపు పేపర్లకు నకలు తీయబోమని, తీస్తే జవాబు చెప్పుకునేది తామేనని సంతకం పెట్టాలి. ఫ్యాక్స్ కూడా ఉంటే, పోయే ప్రతి పేజీ నెత్తిన పంపినవాళ్ల పేరు, నంబరు పడేలా ముందే ఎక్కించాలి. లేకపోతే ఆ కాగితం ఎక్కడినుంచి వచ్చిందో అవతలివాళ్లకు తెలియదు. అన్నిటికంటే ముఖ్యం ఎర్తింగు. అది సరిగ్గా లేకపోతే నేను పెట్టె కూడా విప్పను.

ఆ ఫారంలో నా చేత్తో రాసిన మాటను నేనే కొట్టేసింది ఒక్కసారి. అది అజీజ్‌నగర్‌లో, మారయ్య కోసం. మారయ్య చనిపోయిన భార్యను వెతుక్కుంటున్న మనిషి. చనిపోయిన మనిషిని వెతకడమేమిటి అంటారా? అదే చెబుతున్నాను, కాస్త ఆగండి.

మొన్న ఏప్రిల్‌లో సంగతి. అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌస్‌ను పెళ్లిళ్లకు, కంపెనీల మీటింగులకు కిరాయికిచ్చే రిసార్టుగా మార్చారు. పచ్చిక మధ్యలో కొత్తగా ఆఫీసు గది కట్టారు. అక్కడి మేనేజరు సాయిదీప్, పక్క ఊరు సురంగల్ పిల్లవాడు, పాతికేళ్లుంటాయి. కలర్ కాపీ, ఫ్యాక్స్ రెండూ ఉన్న మిషన్ కావాలన్నాడు. ఈ కాలంలో ఫ్యాక్స్ ఎవరికి తమ్మీ అని అడిగితే, “మా సార్‌కు అలవాటన్నా, మనకెందుకు లొల్లి” అన్నాడు. నేను వారం ముందే వెళ్లి గది చూశాను. వెనక గోడ మూల నాకు నచ్చింది. ఎండ పడదు, ఏసీ నీళ్లు కారవు, గాలి ఆడే జాగా ఉంది. మిషన్ కాళ్లు ఎక్కడ ఉండాలో నేల మీద నలుచదరంగా పసుపు టేపు అంటించి, ఫారంలో ఆ మూలే రాసి, సంతకం పెట్టి వచ్చాను.

మిషన్ దిగిన రోజు ప్లగ్గులో మీటరు పెట్టి చూద్దును కదా, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య పంతొమ్మిది వోల్టులు. మూడు దాటకూడదు. ఎర్తు వైరు వెంటే పోయి చూస్తే, అది గోడ వెనక గాలిలో వేలాడుతోంది. వైరింగు చేసిన మహానుభావుడు దాన్ని భూమిలో పాతనే లేదు. గది లోపల చూస్తే అద్దాల తలుపులు, రంగురంగుల లైట్లు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. నాకు ఒళ్లు మండింది. బయటికి వచ్చి గట్టిగానే అరిచాను.

“భూమే లేదు ఈడ. భూమి లేకుంట మిషన్ ఎట్ల పెడ్తరు?”

పచ్చికకు నీళ్లు పడుతున్న మాలి పైపు కింద పెట్టి నా వైపు తిరిగాడు. అరవై దాటిన మనిషి. తెల్లటి గడ్డం, మోకాళ్ల దాకా మడిచిన ధోవతి. నడిచే దారిలో బండలు కాలిపోతున్నా కాళ్లకు చెప్పులు లేవు.

“ఉండె సారు,” అన్నాడు. “మూడెకరాలుండె. అమ్ముకున్నం.”

నేనన్నది కరెంటు ఎర్తు సంగతి. అతను విన్నది ఇంకొకటి. నాకు నవ్వు రావాలి, కానీ రాలేదు. అతను ఎగతాళికి అనలేదు. ఎవరో అడిగారు, ఉన్న మాట చెప్పాడు, అంతే. పేరడిగితే మారయ్య అన్నాడు.

“అది గాదు కాకా,” అన్నాను కొంచెం తగ్గి. “ఎర్తింగుకు గుంత కావాలె. ఆరడుగులు తవ్వి, అండ్ల రాగి పలక పెట్టి, బొగ్గు, ఉప్పు పోసి పూడ్సాలె. భూమి లోపట తడి ఉన్నకాడనే తవ్వాలె. ఈ మొరంల తడి ఏడుంటదో ఏమో.”

“ఆరడుగులా?” అన్నాడు మారయ్య. అప్పటిదాకా నీరసంగా ఉన్న ముఖం ఒక్కసారి మారింది. “నాకు ఎర్కే సారు. నేను సూపిస్త.”

సాయిదీప్‌ను అడిగితే, ఆఫీసు నుంచి పాతిక ముప్పై అడుగుల లోపల ఎక్కడైనా తవ్వుకోమన్నాడు. తడి చూడటానికి నాది పాత పద్ధతి. ఇనుప కడ్డీ ఒకటి నేలలోకి దింపి, దానికి బల్బు కలిపి కరెంటు ఇస్తాను. లోపల తడి ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది. పొడి నేల అయితే గుడ్డిగా, ఎర్రగా ఉంటుంది. దీనికీ ఒక మీటరు ఉంది నా దగ్గర, కంపెనీవాళ్లు ఇచ్చారు. కానీ నా నమ్మకం బల్బు మీదే. మారయ్యను దూరం నిలబడమని చెప్పి మొదటి చోట కడ్డీ దింపాను. బల్బు గుడ్డిగా వెలిగింది. “గీడ గాదు, జర అటు” అన్నాడు. అటు దింపాను. అదీ అంతే. “గింత ఇటు” అన్నాడు. మూడోదీ పోయింది. సమ్మెటతో కడ్డీ కొట్టి కొట్టి నా భుజాలు పడిపోతున్నాయి. ఇతను చూస్తే ఒక్కసారీ బల్బు వైపు చూడడు. దూరంగా ప్రహరీ వైపు చూసి, సూర్యుడి వైపు చూసి, లోపల్లోపల ఏదో గొణుక్కుంటాడు. నాలుగో చోట కూడా బల్బు ఎర్రగానే ఉండేసరికి నాకు ఆగలేదు.

“నీ బొంద! గీడంటవ్, గాడంటవ్. నాకు ఎర్కే అంటివి గద, ఏం ఎర్క నీకు?”

బొంద అన్న మాట మా వైపు నోట్లో ఎప్పుడూ నానుతూనే ఉంటుంది. పిల్లల్ని కసిరినా నీ బొందే, దోస్తుతో పరాచికమాడినా నీ బొందే. శవాన్ని పెట్టే గుంతనే బొంద అంటారని అనేటప్పుడు ఎవరికీ గుర్తుండదు.

“నా బొంద గాదు బిడ్డా,” అన్నాడు మారయ్య మెల్లగా. “మా మైసమ్మ బొంద. అది దొరుకుతలేదు.”

నా నోరు పడిపోను. సమ్మెట కింద పెట్టి అక్కడే కూర్చున్నాను. అతనూ కూర్చున్నాడు. అప్పుడు చెప్పాడు.

మేము కూర్చున్న ఆ జాగా అంతా ఒకప్పుడు మారయ్య, అతని అన్నదమ్ములిద్దరి ఉమ్మడి చెలక. మధ్యలో రాతికట్టు బావి. టమాటా, చామంతి వేసేవాళ్లు. మారయ్య పూలు తెంపితే మైసమ్మ గంపకెత్తుకుని తొలి బస్సుకు పట్నం పోయి మార్కెట్‌లో అమ్ముకొచ్చేది. అమ్మగా మిగిలిన నాలుగు చామంతులు కొప్పులో పెట్టుకొని బస్సు దిగేది. ఎవరూ కొననివి నాకే అని నవ్వేది. ఇరవై రెండేళ్ల కిందట ఆమెకు కామెర్లు ముదిరాయి. ఆకుపసరు తాగించారు, తర్వాత దవాఖానకు తీసుకుపోయారు, అప్పటికే ఆలస్యమైందని ఇంటికి పంపేశారు. ముప్పై నాలుగేళ్లు ఆమెకు. సొంత చెలకలోనే, బావి దగ్గర పూడ్చారు. బావి ఒడ్డు నుంచి పొద్దుపొడుపు దిక్కుకు పదకొండు అడుగులు. మారయ్యే అడుగులేసి లెక్కపెట్టి ఆ చోటు చూపించాడు.

“దూపకు ఓర్వకపోతుండె బిడ్డా. పూలు తెంపుతుంటె గడెకోసారి నీళ్లు, గడెకోసారి నీళ్లు. అందుకే బాయి దగ్గర పెట్టిన,” అన్నాడు.

పోయినవాళ్లకు పెట్టుకునే అమావాస్య, పెత్తరమాస వస్తే ప్రతి ఏడూ ఆమె బొంద మీద ఆకు పరిచి అన్నం పెట్టేవాడు. ఇంకో పెళ్లి చేసుకోమని అన్నదమ్ములు పోరారు. ఈ మనిషి వినలేదు. ఒక్కగానొక్క కూతురును పెంచి మా వైపే ఉన్న ప్రొద్దుటూరులో ఇచ్చాడు. ఆరేళ్ల కిందట అన్నదమ్ములు చెలక అమ్ముదామన్నారు. ఇటూ అటూ అందరూ అమ్మేశారు, మధ్యలో మారయ్య ఒక్కడు కాదంటే ఆగేదా? బొంద జోలికి మాత్రం పోవద్దని కొన్నవాళ్లను బతిమాలాడు. పోము పెద్దాయనా అన్నారు. ఆ మాట కాగితంలో ఎక్కడా లేదు. కాగితంలో లేని మాటకు నకలు తీసే మిషన్ ఇంకా రాలేదు, వస్తే మొదట నేనే కొంటాను.

రెండేళ్లు ఎవరూ దేన్నీ ముట్టుకోలేదు. తర్వాత కూతురి కాన్పుకని ప్రొద్దుటూరు పోయి పది రోజులుండి వచ్చేసరికి జేసీబీ తిరిగి పోయింది. బావి పూడింది, గట్లు పోయాయి, చెట్లు పోయాయి. మొరం పోసి, దాని మీద పచ్చిక పరిచారు. ఎక్కడ నిలబడి చూసినా ఒక్కలాగే ఉంది. మారయ్య మూడు రోజులు ప్రహరీ చుట్టూ తిరిగాడు. నాలుగో రోజు లోపలికి పోయి మాలి పని అడుక్కున్నాడు. అమ్ముకున్న చెలకలోనే కూలికి పోయాడని ఊరు నవ్వింది. నవ్వితే నవ్వనీ అనుకున్నాడు.

“నాలుగేండ్ల సంది గడ్డి కోస్తున్న బిడ్డా,” అన్నాడు. “ఆమె మీదికెల్లి నడుస్తున్ననో ఏమో. అందుకే చెప్పులు గేటుకాడ ఇడిశి వస్త. పెత్తరమాసకు అన్నం ఏడ పెట్టాల్నో తెల్వక గోడ పొంట పెడ్తున్న. అది తింటున్నదో, ఉపాసమే ఉన్నదో.”

“మరి తవ్వి చూడకపోతివా కాకా?”

“జానెడు కన్న ఎక్కువ తవ్వనియ్యరు. పైపులున్నయంటరు. నువ్వొచ్చి ఆరడుగులంటివి. బాయి ఒడ్డు దొరికితే సాలు. ఆడికెల్లి నేను కొలుసుకుంట.”

నాకు సిగ్గేసింది. అప్పటిదాకా నేను తడి వెతుకుతున్నాను, ఇతను బావిని వెతుకుతున్నాడు. ఆ రెండూ ఒకే చోట ఉంటాయని నాలుగు చోట్ల కడ్డీ దిగ్గొట్టినా నాకు తట్టలేదు. పూడ్చిన బావిలో అడుగున తడి ఎక్కడికి పోతుంది? ఆ మాటే చెప్పాను. ఇక గుడ్డిగా తిరగడం మానేశాం. ఆఫీసు ముందు నుంచి మొదలుపెట్టి, మడి కట్టినట్టు వరసగా, రెండేసి గజాలకు ఒకసారి కడ్డీ దింపుతూ పోయాం. మధ్యాహ్నం అన్నం కూడా తినలేదు. తొమ్మిదో చోట కడ్డీ రెండు దెబ్బలకే సర్రున దిగింది. బల్బు వెలిగించాను. కళ్లు చికిలించేంత నిండుగా వెలిగింది.

ఇద్దరం వంతులేసుకుని తవ్వాం. మట్టి వదులుగా ఉంది, ఇటుక ముక్కలు, చెత్త, చల్లటి బురద. నడుము లోతు పోయాక గడ్డపార ఠంగుమంది. మారయ్య గుంతలోకి దిగి చేతులతో మట్టి తోశాడు. బావి ఒడ్డుకు పరిచిన నల్లరాయి అది. అంచున వేలు పట్టేంత గాడి పడి ఉంది. ఏళ్ల తరబడి చేదతాడు ఒరుసుకుని పడిన గాడి.

“మా నాయిన తాడు,” అన్నాడు. ఆ గాడిలో వేలు పెట్టి చాలాసేపు తీయలేదు. “నీళ్లు చేదేది పొద్దుపొడుపు దిక్కే. ఈ రాతికాడి నుంచే కొలిసిన.”

పైకి వచ్చి, ఆ రాయికి సరిగ్గా పైన మడమ ఆనించి నడక మొదలుపెట్టాడు. పైకే లెక్కపెడుతున్నాడు. పదకొండు అనేసరికి ఆఫీసు గుమ్మానికి ఇవతల పచ్చికలో ఆగాడు. కూర్చుని గడ్డి మీద అరచెయ్యి పెట్టాడు. నాకు చెప్పలేనంత సంతోషమైంది. పచ్చికలోనే కదా, పొద్దున్నే వచ్చి అన్నం పెట్టుకున్నా అడిగేవాళ్లుండరు. ఇక రాగి పలక పెట్టి గుంత పూడ్చుకుందామని లేచాను.

“నీకు ఎన్నేండ్లు బిడ్డా?” అన్నాడు మారయ్య కూర్చున్నచోటి నుంచే.

“నలభై రెండు. ఎందుకు?”

“ఆమెను పెట్టిన్నాడు నాకు నలభై. గివి ముసలి అడుగులు. ఇప్పుడు మోకాళ్లు వంగుతలేవు, గప్పుడు అంగలేసుకుంట నడుస్తుంటి. నువ్వు జర నడువు.”

నేను రాయి మీదికి పోయి నిలబడ్డాను. “రోజు ఎట్ల నడుస్తవో గట్లనే నడువు, నా కోసం నడవకు” అన్నాడు. నడిచాను. అతను లెక్కపెట్టాడు. ఏడో అడుగుకు అతన్ని దాటాను. ఎనిమిదో అడుగు గుమ్మంలో పడింది. తలుపు తీసే ఉంది. అక్కడే నాకు తెలిసిపోయింది. ఇదే అంగతో పోతే పదకొండో అడుగు ఎక్కడ పడుతుందో ఎదురుగా కనబడుతోంది. అడుగు చిన్నది చెయ్యాలనిపించింది. మొదటి నుంచి మళ్లీ నడుస్తానని చెప్పి, ఈసారి పచ్చికలోనే ఆగిపోతే ఎవరికి నష్టం? అతనికి పచ్చిక దక్కుతుంది, నాకు మిషన్ మూల దక్కుతుంది. వెనక నుంచి అతను నా మడమలే చూస్తున్నాడు. నాలుగేళ్లు వెతికిన మనిషికి తప్పు చోటు చూపించడానికి నాకు కాళ్లు రాలేదు.

“పదకొండు,” అన్నాడు మారయ్య బయటి నుంచి.

నా కాలు పసుపు టేపు మధ్యలో ఉంది. నా అడుగు అతని అడుగు ఒకటే అని నేను ప్రమాణం చేయలేను. జానెడు అటో ఇటో అయి ఉండవచ్చు. కానీ ఆ నలుచదరం దాటి మాత్రం పోదు.

కంప్యూటర్ ముందున్న సాయిదీప్ తలెత్తి చూశాడు. “ఏమైందన్నా?”

“ఏం లేదు. కాకా, లోపలికి రా.”

“లోపలికి రానీకి మాకు లేదు బిడ్డా,” అన్నాడు మారయ్య. “మట్టి కాళ్లు.”

నేను సాయిదీప్ వైపు చూశాను. ఆ చూపులో ఏమున్నదో నాకు తెలియదు. “రా, రా మారయ్యా” అన్నాడు అతను కంగారుగా. మారయ్య గుమ్మం దగ్గర రెండు కాళ్లూ ధోవతి కొంగుతో తుడుచుకుని లోపలికి వచ్చాడు. నా కాలు ఉన్నచోటు చూశాడు. నేను పక్కకు తప్పుకున్నాను. అతను ఆ టేపు పక్కన గోడకానుకుని కూర్చుండిపోయాడు.

నేను సంచిలోంచి ఫారం తీశాను. వెనక గోడ మూల అని నేనే రాసిన మాటను కొట్టేశాను. గుమ్మం పక్క గోడ అని రాసి, పక్కన సంతకం పెట్టాను.

“గీ మూల నువ్వే ఓకే చేసినవ్ గదన్నా,” అన్నాడు సాయిదీప్. “గుమ్మం పక్క ఎండ పడ్తదని నువ్వే అంటివి.”

“పడ్తది. పరద కట్టుకో.”

మార్పుకు కారణం రాయాలని ఫారంలో ఒక గడి ఉంది. ఇన్నేళ్లలో ఆ గడి నేనెప్పుడూ నింపలేదు. ఈసారి రాశాను. ‘ఆ స్థలం ఖాళీగా లేదు.’

సాయిదీప్ చదివాడు. ఖాళీ మూల వైపు చూశాడు. అక్కడ కూర్చున్న మారయ్యను చూశాడు. నేను రెండు మాటల్లో సంగతి చెప్పాను. ఎంతైనా సురంగల్ పిల్లవాడు. వాళ్ల తాతలూ ఏదో ఒక చెలకలోనే ఉండి ఉంటారు. ఎక్కువ విప్పి చెప్పాల్సిన పని పడలేదు. ఫారం తీసుకుని కస్టమరు సంతకం పెట్టేశాడు.

“సార్ అడిగితే ఏం చెప్పాలె అన్నా?”

“ఎర్తు దొరికింది అని చెప్పు.”

అతను తల ఊపాడు. మారయ్య వైపు చూడకుండానే, “పెత్తరమాస నాడు జర పొద్దుగాల్నే రా మారయ్యా. నేను తాళం తీస్త,” అన్నాడు.

మారయ్య విన్నాడో లేదో. టైల్స్ మీద అరచెయ్యి పెట్టి మెల్లగా నిమురుతున్నాడు. ఏదో ఒకటి అనాలి కాబట్టి, మిషన్ ఇక్కడ పెట్టను కాకా, ఫికర్ చెయ్యకు అన్నాను.

“సల్లగున్నది,” అన్నాడు. “నాలుగేండ్లు వానకు నానుతున్నదో, ఎండకు మాడుతున్నదో అని ఏడ్సిన.” తలెత్తి పైన కప్పు వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. “అది గుడిసెలనే పోయింది బిడ్డా. స్లాబు ఇల్లు ఏపిస్తనని మాటిచ్చిన. ఎవలో ఏపిచ్చిండ్రు.”